కుడివైపు అద్దం

కమ్మింగ్, జార్జియా
జనవరి 18, ఆదివారం, షాపు తెరవకముందు

ఏమే రష్మీ,

నువ్వు ఫోన్ ఎత్తట్లేదు కాబట్టి ఈమెయిల్ కొడుతున్నా. బియ్యం బస్తాల ట్రక్ వచ్చేలోపు పంపెయ్యాలి, తప్పులుంటే సర్దుకో.

మొన్న మీ ఆయన, జితేందర్ అన్నయ్య, ఫోన్‌లో చెప్పాడు. మీ దియకి భుజం దగ్గర కాలర్ బోన్ పూర్తిగా అతుక్కుందట కదా, పిల్ల మామూలుగా స్కూల్‌కి వెళ్తోందట. ఆ మాట విని షాపులోనే కూర్చుని ఏడ్చేశా, కస్టమర్ ఒకావిడ టిష్యూ ఇచ్చింది. నువ్వు మాత్రం నవంబర్‌లో కారు జారినప్పటి నుంచి స్టీరింగ్ ముట్టుకోలేదట. అన్నయ్యేమో సోమవారం నుంచి గురువారం దాకా డెట్రాయిట్‌లో ఉంటాడు. నీ లీవ్ అయిపోయి మార్చి రెండున డ్యూటీలో చేరాలి. ఆస్పత్రి ఫార్మసీ మీ ఇంటికి ముప్ఫై మైళ్ళు, బస్సు లేదు. ఆ రోజుకి నువ్వు డ్రైవ్ చెయ్యకపోతే ఉద్యోగం పోయినట్టే అన్నాడు. ఆయన గొంతు అంత మెత్తగా ఎప్పుడూ వినలేదు నేను.

సరే, ఇది బుద్ధులు చెప్పే ఉత్తరం కాదు, బిజినెస్ ఉత్తరం. మా షాపు క్యాలెండర్ నీకు తెలుసుగా. ఈసారి ఉగాది నుంచి ఉగాదికి స్పెషల్‌గా ఒకటి వేయిస్తున్నా. పన్నెండు నెలలు, పన్నెండు బొమ్మలు. దేవుళ్ళ బొమ్మలైతే చుట్టుపక్కల ఉన్న అన్ని షాపులూ ఇస్తాయి. నాకు వెరైటీ కావాలి. మీ లేక్ మిషిగన్ ఒడ్డున చలికాలం లైట్‌హౌస్‌లు ఐస్ కట్టేసి ఉంటాయట కదా? నీ దగ్గర మంచి కెమెరా ఉంది, అల్మారాలో పడేశావు. తీసి పంపు. ఫోన్‌తో తీసినవి ప్రింటర్ వాడు ఒప్పుకోడు. ఫిబ్రవరి ఆఖరికి అందాలి.

మా అత్తయ్య శేషమ్మ గారు ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చారు, కౌంటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. వచ్చిన ప్రతివాళ్ళనీ ఏ ఊరు, ఎవరి పిల్లలు అని అడుగుతున్నారు. సేల్స్ పెరిగాయి నిజంగా. ట్రక్ వచ్చింది. ఉంటా.

నీ
కృష్ణవేణి


గ్రాండ్ రాపిడ్స్, మిషిగన్
జనవరి 24

కృష్ణా,

మెయిల్ అందింది. దియ బాగుంది. అత్తయ్య గారికి నమస్కారాలు చెప్పు.

క్యాలెండర్ పని ఇంకెవరికైనా ఇవ్వు. ఇక్కడినుంచి ఒడ్డుకి నలభై నిమిషాల డ్రైవ్, ఈ మంచులో. నేను గరాజ్‌లోకి వెళ్ళడమే మానేశాను. లాండ్రీ రూమ్ గరాజ్ పక్కనే కదా, అందుకని బట్టలు కూడా జితేందరే ఉతుకుతున్నాడు. నవ్వుకుంటావని చెప్పాను, నవ్వుకో.

అయినా లైట్‌హౌస్ బొమ్మున్న క్యాలెండర్ మనవాళ్ళు గోడకి తగిలిస్తారా? రోజూ దానికి దణ్ణం పెట్టుకోవాలా?

రష్మి


కమ్మింగ్
జనవరి 25

ఏమే,

ఎందుకు తగిలించరు? తిథి, వర్జ్యం, రాహుకాలం సరిగ్గా ఉంటే పైన ఏ బొమ్మున్నా తగిలిస్తారు. అది నా తలనొప్పి.

నవ్వుకో అన్నావు, నవ్వు రాలేదు. లాండ్రీ రూమ్‌కి వెళ్ళని రష్మి ఎవరో నాకు తెలీదు. నాకు తెలిసిన రష్మి 2005లో అట్లాంటా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నన్ను కార్ ఎక్కించింది. గుర్తుందా? అప్పటికి నేను అమెరికా వచ్చి నాలుగు వారాలు. తాళం నా చేతికిచ్చి ఎక్కవే అన్నావు. ఊళ్ళో లాగే కుడి తలుపు తీసి కూర్చుని, చేతులు చాపి చూస్తే ముందు ఏమీ లేదు. "ఒసేయ్, నీ కారు స్టీరింగ్ ఎవరో ఎత్తుకెళ్ళారే!" అన్నా. నువ్వు నవ్వలేక బానెట్ మీద పడిపోయావు. నా తర్వాత ఆ కాంప్లెక్స్‌లో ఎంతమందికి నేర్పావే? తొమ్మిదిమందో పదిమందో. ఇంట్లో కూర్చుని గోడలు చూస్తున్న ఆడవాళ్ళందరినీ రోడ్డు మీదికి తెచ్చావు. నేను డిక్కీలో పచ్చళ్ళు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగానంటే, ఈరోజు ఈ షాపు ఉందంటే, నీ పాత కారుకి క్లచ్ లేకపోవడం వల్లే.

ఒక్కటి తీసి పంపు. ఒక్కటే. మిగతా పదకొండూ తర్వాత చూద్దాం. హైవే వద్దు, ఊళ్ళ మధ్య నుంచి వెళ్ళు. థర్మాస్‌లో టీ పట్టుకెళ్ళు, సాక్సులు రెండు జతలు వేసుకో. కెమెరా బ్యాటరీ చలికి చచ్చిపోతుందట, జాకెట్ లోపల జేబులో పెట్టుకోమని నీరజ్ చెప్పాడు. మా షాపు ఫ్లయర్లు డిజైన్ చేస్తాడే, ఆ అబ్బాయి.

కృష్ణవేణి


గ్రాండ్ రాపిడ్స్
ఫిబ్రవరి 1, ఆదివారం

కృష్ణా,

వెళ్ళాను. గ్రాండ్ హేవెన్. ఫొటోలు అటాచ్ చేశాను, నాలుగు.

ఎర్ర లైట్‌హౌస్ అది, నీళ్ళలోకి వెళ్ళే గట్టు చివర ఉంటుంది. ఇప్పుడు ఎరుపు సగమే కనిపిస్తోంది. గాలికి అలలు వచ్చి కొట్టినవి కొట్టినట్టు గడ్డకట్టేశాయి. ఎవరో డ్రమ్ముతో ఇడ్లీ పిండి తెచ్చి పైనుంచి పోసి వదిలేసినట్టుంది. రెయిలింగ్ పొడుగునా ఐస్ ఊచలు, అన్నీ ఒకవైపుకే వంగి ఉన్నాయి, గాలి ఎటు వీస్తే అటు. గట్టు మీదికి ఎవరూ వెళ్ళకూడదని బోర్డు పెట్టారు. నేను ఒడ్డునే నిలబడి తీశాను. లేక్ చప్పుడు చెయ్యట్లేదు కృష్ణా. అంత పెద్ద నీళ్ళు, ఒక్క చప్పుడు లేదు.

వేళ్ళు కొంకర్లు పోయాయి. అయినా గంటన్నర ఉన్నాను. ఇంటికొచ్చాక జితేందర్ నా మొహం చూసి, "ఎన్నాళ్ళకి ముక్కు ఎర్రగా అయింది" అన్నాడు.

నీరజ్‌కి థాంక్స్ చెప్పు, బ్యాటరీ జేబులోనే పెట్టుకున్నాను.

నువ్వు అడిగేలోపే చెప్తున్నాను, రోడ్డు బాగానే ఉంది. మంచు కరగడానికి ఉప్పు చల్లారు.

రష్మి


కమ్మింగ్
ఫిబ్రవరి 3

రష్మీ రష్మీ రష్మీ,

షాపులో అందరికీ స్వీట్లు పంచా. ఎందుకో చెప్పలేదు, స్టాక్ ఎక్కువైందన్నా.

ఎర్రది చైత్రానికి ఫిక్స్. అత్తయ్య నా ఫోన్ చేతిలోకి తీసుకుని, ఐస్ కట్టిన ఆ శిఖరాన్ని చూసి, "అమర్‌నాథ్ లింగమా?" అని కళ్ళకద్దుకున్నారు. ఫోన్ స్క్రీన్‌కి బొట్టు పెట్టేశారు. తుడవడానికి నాకు భయం, ఆవిడ చూస్తున్నారు. నిన్నంతా నుదుటి మీద బొట్టున్న ఫోన్‌తోనే బిల్లింగ్ చేశా.

నువ్వు డ్రైవ్ చేశావు. నువ్వు డ్రైవ్ చేశావు! రెండోది ఎప్పుడు?

కృష్ణ


సౌత్ హేవెన్, మిషిగన్, పార్కింగ్ లాట్ నుంచి
ఫిబ్రవరి 8

కృష్ణా, ఇక్కడ గాలి కారుని ఊపేస్తోంది. దిగలేకపోయాం, కార్లోంచే తీశాను, చూడు. అద్దం కూడా ఫ్రేమ్‌లోకి వచ్చేసింది, క్రాప్ చేయించుకో. పక్కనే ఒక ముసలాయన ట్రైపాడ్ పాతుకుని నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి చలికాలం వస్తాడట. కిటికీ కొంచెం దించి, ఏముంది ఇందులో అని అడిగితే, "రోజూ ఒకేలా ఉండదమ్మాయ్" అన్నట్టు ఏదో అన్నాడు. గాలిలో సగం వినబడలేదు.

సీటు హీటర్ వేసుకుని పులిహోర తింటున్నాం. లైట్‌హౌస్ ముందు పులిహోర. బాగుంది.

వచ్చే వారం దియకి మిడ్ వింటర్ బ్రేక్. లడింగ్టన్ మీదుగా పాయింట్ బెట్సీ దాకా పైకి వెళ్ళాలని ఉంది. రెండు రోజులు.

రష్మి


కమ్మింగ్
ఫిబ్రవరి 11, షాపు మూసేశాక

రష్మీ,

ఇది మెల్లగా టైప్ చేస్తున్నా.

సౌత్ హేవెన్ ఫొటో అత్తయ్యకి చూపించా. అద్దంలో నువ్వు కనిపిస్తున్నావు, కెమెరా కంటికి పెట్టుకుని. ఆవిడ వేలితో పెద్దది చేసుకుని చూసి, "రష్మి చక్కగా కుడి పక్క కూర్చుంది, బండి తనే తోలుతోంది" అన్నారు. నాకు కడుపు నిండిపోయింది. అవునత్తయ్యా అన్నా. కందిపప్పు ప్యాకెట్లు సర్దడానికి వెళ్ళా. నాలుగో ప్యాకెట్ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

కుడి పక్క.

మళ్ళీ వచ్చి చూశా. అద్దం మీద ఇంగ్లీష్ అక్షరాలున్నాయి, వస్తువులు కనిపించే దానికంటే దగ్గరగా ఉంటాయని. ఈ దేశంలో ఆ అక్షరాలు డ్రైవర్ పక్క అద్దానికి ఉండవు. బయటికెళ్ళి నా వ్యాన్ చూసి మరీ వచ్చా. దిగలేకపోయాం అన్నావు, తింటున్నాం అన్నావు. నిన్నెవరు తీసుకెళ్ళారో అడగను. డ్రైవ్ చేశానని నువ్వెప్పుడూ అనలేదు కూడా, వెళ్ళానన్నావు, అంతే. అన్నది నేనే.

కోపంగా రాద్దామని మొదలుపెట్టా. కానీ నీ మీద కోప్పడే మొహం నాకు లేదే. ఎందుకంటే ఉగాది క్యాలెండర్ లేదు. జనవరి ఒకటినే దేవుళ్ళ క్యాలెండర్ అందరికీ ఇచ్చేశా, ఇంకో నూట యాభై మిగిలి బ్యాక్ రూమ్‌లో ఉన్నాయి. నిన్ను కారెక్కించడానికి అల్లిన కథ ఇదంతా.

ఇంకొకటి ఉంది. రెండున్నర నెలలుగా గొంతులో పెట్టుకుని తిరుగుతున్నా.

ఆ రోజు నువ్వు నాతో ఫోన్‌లో ఉన్నావు. సగం తినేసిన మాగాయ సీసా తెచ్చి ఉప్పు ఎక్కువైంది, డబ్బులివ్వు అన్న ఆవిడ కథ చెప్తున్నా నేను. ఆవిడలా గొంతు మార్చి మరీ చెప్తున్నా. నువ్వు నవ్వుతున్నావు. ఆ నవ్వులోనే ఆ చప్పుడు వచ్చింది. తర్వాత వైపర్లు తిరుగుతున్న చప్పుడు. నేను అరుస్తూనే ఉన్నా, నువ్వు పలకలేదు. నేను ఆ కాల్ చెయ్యకపోయి ఉంటే నీ కళ్ళు రోడ్డు మీదే ఉండేవి. దియ భుజం విరిగింది నా వాగుడు వల్ల. నువ్వు ఫోన్ ఎత్తనప్పుడల్లా అనుకుంటా, దీనికి అర్థమైంది, మర్యాదకి చెప్పట్లేదు అని.

అంతే. తిట్టాలనిపిస్తే తిట్టు. ట్రిప్‌కి మాత్రం వెళ్ళు, ఎవరు డ్రైవ్ చేస్తే నాకేంటి.

కృష్ణవేణి


లడింగ్టన్, మిషిగన్, మోటెల్
ఫిబ్రవరి 15

కృష్ణా,

నీ మెయిల్‌కి నాలుగు రోజులు జవాబు రాయలేదని ఏమేం ఊహించుకుని ఉంటావో నాకు తెలుసు. నేను నీ ఉత్తరం చదివి, దియకి చదివి వినిపించి, తర్వాత ఏం రాయాలో తెలీక ఆగాను.

ముందు నా దొంగతనం. డ్రైవ్ చేసేది దియ. అవును, దియే. దాని పదిహేనో ఏటే లెర్నర్ పర్మిట్ వచ్చింది. లైసెన్స్ కావాలంటే యాభై గంటలు పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి, లాగ్ షీట్‌లో సంతకం పెట్టించుకోవాలి. డాక్టర్ ఓకే అన్న రోజే షీట్ తెచ్చి నా ముందు పెట్టింది. "అమ్మా, యు జస్ట్ సిట్" అంది. నేనెక్కించిన కార్లో భుజం విరిగిన పిల్ల నన్ను ఎక్కించుకుని తీసుకెళ్తోందని నీకు రాయడానికి సిగ్గేసింది. గ్రాండ్ హేవెన్ దారి పొడుగునా కళ్ళు మూసుకునే కూర్చున్నాను. కళ్ళు మూసుకున్న అమ్మ సూపర్‌వైజ్ చేసినట్టా? షీట్‌లో సంతకమైతే పెట్టాను.

ఇప్పుడు ఆ రోజు సంగతి. నీ కథకి నేను నవ్వాను, నిజమే. కానీ కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. వంతెన మీద కంటికి కనపడని బ్లాక్ ఐస్. వెనక చక్రం జారింది. జారినప్పుడు బ్రేక్ కొట్టకూడదు, కాలు తీసేసి వెళ్ళాల్సిన వైపు స్టీరింగ్ తిప్పాలి. పదిమందికి నేర్పిన మాట అది. నేను రెండు కాళ్ళతో బ్రేక్ తొక్కాను కృష్ణా. తెలిసి తొక్కాను. నాకు ఫోన్ అంటే భయం లేదు, నువ్వంటే కోపం లేదు. నా కాలి మీద నాకు నమ్మకం పోయింది. ఫోన్ మోగితే ఆ కాలే వణుకుతుంది, అందుకని ఎత్తలేదు.

ఇంకో సంగతి నీకు తెలీదు. నువ్వు అరుస్తున్నప్పుడు నేను పలకలేదు, స్టీరింగ్ పట్టుకుని బొమ్మలా ఉండిపోయాను. దియ పలికింది. దాని ఫోన్ ఎక్కడో సీటు కింద పడిపోయింది, కారు స్పీకర్లోంచి నీ గొంతొక్కటే కారంతా ఉంది. "దియా, మాట్లాడమ్మా, వేలు కదుపు, కాలు కదుపు, ఏం కనిపిస్తోందో చెప్పు" అని నువ్వు అడుగుతూనే ఉన్నావు. అది చిన్న గొంతుతో చెప్తూనే ఉంది, వైపర్ల చప్పుడులో నీకు వినపడలేదు. అంబులెన్స్ వచ్చేదాకా. అది రాస్తానంటోంది, ఇస్తున్నా.

వేణి ఆంటీ, నేను దియ. నేను చెప్తే ఫోన్ టైప్ చేస్తుంది, మిస్టేక్స్ ఉంటే సారీ. నువ్వు ఆ రోజు నన్ను కాలి టో కదుపు అన్నావు, నేను కదిపాను. నువ్వు ఏం కనిపిస్తుంది అన్నావు, నేను స్నో అని చెప్పాను. నువ్వు మళ్ళీ అడిగావు, నేను మళ్ళీ స్నో అన్నాను. ఇట్ వాజ్ కైండా ఫన్నీ. నువ్వు మాట్లాడకపోతే నాకు ఇంకా ఎక్కువ భయం అయ్యేది. పికిల్ కథ ఎండింగ్ ఏంటి? నాకు ఎవరూ చెప్పలేదు. లవ్ యూ ఆంటీ.

సరే, మళ్ళీ నేను. ఇక్కడ లైట్‌హౌస్ తెల్లది, ఐస్ కూడా తెల్లది, వెనక ఆకాశం కూడా. దేనికి ఫోకస్ చెయ్యాలో కెమెరాకి తెలీట్లేదు. ఈ మధ్యాహ్నం హైవే దిగే చోట మంచు గాలి కమ్మేసి కారు కొంచెం జారింది. నా కాలు లేని బ్రేక్‌ని తొక్కింది. దియ కాలు తీసేసింది. స్టీరింగ్ మెల్లగా తిప్పింది. కారు దారిలో పడింది. నేను ఊపిరి తీసుకునేలోపు, "సీ? యూ టాట్ మీ దట్" అంది. పోయిన ఏడాది వంటింట్లో పళ్ళెం పట్టుకుని తిప్పి చూపించాను దానికి, గుర్తే లేదు నాకు.

రేపు పాయింట్ బెట్సీ. క్యాలెండర్ అబద్ధమైనా ఫొటోలు నిజంగా తీస్తున్నాను.

రష్మి


గ్రాండ్ రాపిడ్స్
ఫిబ్రవరి 17

కృష్ణా,

ఇది పొద్దున్నే రాస్తున్నాను, ఇల్లంతా నిద్రపోతోంది.

పాయింట్ బెట్సీ ఇసుక దిబ్బల మీద ఉంటుంది. చిన్న తెల్లటి ఇల్లు, ఎర్ర కప్పు, పక్కనే పొట్టి లైట్‌హౌస్. దాని ముందున్న రాళ్ళన్నీ ఐస్ కింద గుండ్రంగా అయిపోయాయి, బోర్లించిన గిన్నెల్లా. ఎండ వచ్చింది కాసేపు. నలభై ఫొటోలు తీశాను. దియ, "అమ్మా, నాకు చలి, కార్లో ఉంటా" అని వెళ్ళిపోయింది.

నేను తీయడం అయిపోయి కారు దగ్గరికి వచ్చాను. అలవాటుగా కుడి తలుపు లాగాను. లాక్ వేసి ఉంది. లోపల దియ, నా సీట్లో, నా దుప్పటి కప్పుకుని, నా థర్మాస్ పట్టుకుని కూర్చుంది. కిటికీ ఒక అంగుళం దించింది.

"రాంగ్ సైడ్, అమ్మా."

"జోకులొద్దు, జరుగు."

"నా షోల్డర్ నొప్పి. కోల్డ్‌కి లాగుతోంది. నేను నడపలేను."

"మరి ఇంటికెలా వెళ్తాం?"

భుజం ఎగరేసింది. నొప్పి ఉన్న భుజమే.

ఆ గాలిలో కుడి తలుపు పట్టుకుని నిలబడితే నువ్వు గుర్తొచ్చావే. చేతులు చాపి, స్టీరింగ్ ఎవరో ఎత్తుకెళ్ళారని అరిచిన నువ్వు. ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళి నేనే ఆ సీట్లో కూర్చున్నాను అనిపించింది. నవ్వొచ్చింది. నవ్వుతూనే కారు చుట్టూ తిరిగి అటు పక్కకి వెళ్ళాను. నీకు నేర్పినప్పుడు ఏం చెప్పానో అదే పైకి అనుకుంటూ చేశాను. సీటు జరుపు. అద్దాలు సర్దు. బెల్ట్. కాలు బ్రేక్ మీద. ఇప్పుడు తాళం. దియ నవ్వలేదు, లాగ్ షీట్ తీసి ఒళ్ళో పెట్టుకుని పెన్ను పట్టుకుంది. "సూపర్‌వైజింగ్" అంది.

మొదటి పది మైళ్ళు ముప్ఫైలో నడిపాను. వెనక ట్రక్ వాడు హార్న్ కొట్టాడు. దియ కిటికీలోంచి వాడికి ఏదో సైగ చేసింది, ఏమిటో నేను చూడలేదు, కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. మానిస్టీ దాకా నేనే. అక్కడ కాఫీకి ఆగి, డోర్ పట్టుకుని కాసేపు నిలుచున్నాను. తర్వాత మళ్ళీ నేనే. ఇంటిదాకా.

భుజం నొప్పి నిజమా, నటనా అని ఇప్పటికీ అడగలేదు. అడగను.

ఒక ఫొటో పంపుతున్నాను. దారిలో దియ తీసింది. కుడి అద్దమే, ఆ అక్షరాలే. అద్దంలో ఉన్నది ఈసారి దాని మొహం.

రష్మి


కమ్మింగ్
ఫిబ్రవరి 17, మధ్యాహ్నం

ఒసేయ్,

కౌంటర్ ముందు ఏడుగురున్నారు, నేను ఏడుస్తున్నా, అత్తయ్య బిల్లింగ్ చేస్తున్నారు. ఏం బిల్లులేస్తున్నారో దేవుడికే తెలియాలి.

క్యాలెండర్ వేయిస్తున్నా. నిజంగా. నీరజ్‌కి చెప్పేశా. దియ తీసిన అద్దం ఫొటో మాఘానికి. ఆ నెలలోనే కదా నువ్వు నడిపింది. బ్యాక్ రూమ్‌లో మిగిలిన దేవుళ్ళేమీ అనుకోరు, వాళ్ళతో నేను మాట్లాడుకుంటా.

దియకి చెప్పు, మాగాయ ఆవిడకి డబ్బులు వెనక్కిచ్చేశా. వారం తర్వాత వచ్చి అదే సీసా మళ్ళీ కొనుక్కెళ్ళింది. ఎండింగ్ అదే.

మార్చి రెండున పొద్దున నేను ఫోన్ చెయ్యను. నువ్వు రోడ్డు మీద ఉంటావు. చెయ్యనే చెయ్యను. ఫోన్ బియ్యం బస్తాల వెనక పెట్టేసి కూర్చుంటా.

కృష్ణవేణి


ఆస్పత్రి పార్కింగ్ లాట్
మార్చి 2, ఉదయం 7:40

కృష్ణా,

చేరాను. ముప్ఫై మైళ్ళు, ఒక్కదాన్నే. సన్నగా మంచు పడుతోంది.

ఇంజన్ ఆపేశాను. తాళాలు చేతిలో ఉన్నాయి. డ్యూటీకి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.

బస్తాల వెనకనుంచి ఆ ఫోన్ తియ్యి. ఇప్పుడు చెయ్యి.

రష్మి